టోఫూకి ఆలివ్ నూనె అక్కర్లేదు

సంపాదకులు గారికి నమస్కారం.

మీ ఆదివారం సంచికలో టోఫూ మీద, అంటే సోయా పాలు విరగ్గొట్టి చేసే పనీరు లాంటి దాని మీద వేసిన పేజీ, ఆ తర్వాతి వారం దాని మీద ఒక పాఠకుడు రాసిన ఉత్తరం రెండూ చదివాను. మీరిచ్చిన వంటకాల్లో ఆలివ్ నూనె, బ్రకోలీ, సోయా సాస్ లేనిది ఒక్కటీ లేదు. అవి చూశాక ఆయనకి కోపం రాదా మరి! ఇది జిమ్ములకి వెళ్లే వాళ్ల తిండి, మన గోదావరి జిల్లాల్లో చేప ఉంది, రొయ్య ఉంది, ఇంటి పెరుగు ఉంది, ఈ తెల్ల ముక్కలు మనకెందుకు అన్నారాయన. వంటకాల మీద ఆయన కోపం న్యాయమే. టోఫూ మీద కోపం మాత్రం అన్యాయం. అది చెబుదామనే ఈ ఉత్తరం.

నేను పాలకొల్లులో క్యారేజీ భోజనాలు పంపుతుంటాను. బ్యాంకుల్లో పనిచేసే పిల్లలు, పిల్లలు ఎక్కడో ఉండి ఇక్కడ ఒంటరిగా ఉంటున్న పెద్దవాళ్లు నా దగ్గర కట్టించుకుంటారు. ఎక్కువ మంది నీసు తినేవాళ్లే. కార్తీకం వచ్చిందంటే మాత్రం లెక్క మారిపోతుంది. మా ఊరి శివాలయం క్షీరారామంలో సోమవారం జనం తోసుకుంటున్న రోజుల్లో చేపల కూర పంపితే ఎవరు తింటారు? నెల్లాళ్లూ అందరూ పనీరు అడుగుతారు. పామాయిల్, పాలపొడి కలిపి చేసినదాన్ని పనీరని అమ్ముతున్నారని మీ పేపర్లోనే వార్తలు వస్తున్నాయి. నేనూ ఒకచోట కొన్న సరుకు వాసన నచ్చక పారబోశాను. డబ్బూ పోయింది, ఆ పూట కూరా పోయింది. మా అమ్మాయి న్యూట్రిషన్ చదువుకుంది. "అమ్మా, సోయా గింజలు కొని నువ్వే టోఫూ చేసుకో, అందులో ఏం కలిసిందో నీకే తెలుస్తుంది" అని అప్పుడే చెప్పింది.

ఆ పాఠకుడికి ఒక మాట. సోయా మన ఊళ్లకి కొత్తేం కాదు. భీమవరం, ఆకివీడు, నరసాపురం వైపు చెరువుల గట్ల మీద దిగే రొయ్యల మేత బస్తాల్లో ఉండేదేంటి? చేపల పొడితో పాటు నూనె తీసేసిన సోయా చెక్క. రొయ్య కండ పట్టడానికి దాన్ని డబ్బు పోసి కొంటున్నాం. పెళ్లి భోజనాల్లో లొట్టలేసుకుంటూ తినే మీల్ మేకర్ కూడా ఆ నూనె తీసిన సోయా పిండితో చేసిందే. ఇంత దగ్గరగా ఉన్న గింజని ఇంట్లో పాలు తీసి విరగ్గొడితే వచ్చేదే టోఫూ. చైనాలో వెయ్యేళ్లకి పైగా మామూలు జనం తింటున్నారు. దీన్ని డబ్బున్న వాళ్ల తిండి చేసింది మన సూపర్ మార్కెట్ల ఫ్రిజ్జులే.

ధర సంగతి కూడా చూడండి. మా అన్నయ్య మినుము వేస్తాడు కాబట్టి మద్దతు ధరల గొడవ మా ఇంట్లో ఎప్పుడూ ఉండేదే. 2025-26కి కేంద్రం మినుముకి క్వింటాలు 7,800 రూపాయలు, కందికి 8,000, సోయాకి 5,328 ప్రకటించింది. 100 గ్రాముల మినప్పప్పులో ప్రొటీను 23 గ్రాముల దాకా ఉంటుంది, కందిపప్పులో 22. సోయా గింజలో 36. కొట్లో కొనేసరికి ఏ ధరైనా పెరుగుతుందనుకోండి, అయినా ఏది చవకో తెలుస్తూనే ఉంది. అన్నయ్యకి ఈ లెక్క చెబితే మొహం చిట్లించాడు. అది వేరే కథ.

ఇక చేసే పద్ధతి. మీ పేజీలో "టోఫూ ఒక ప్యాకెట్" అని రాసి ఊరుకున్నారు. అసలు విషయం అక్కడే ఉంది కదండీ.

పావుకిలో సోయా గింజలు రాత్రి నానబెట్టాలి. గింజ ఉబ్బి రెండింతలు దాటుతుంది కాబట్టి గిన్నె పెద్దది పెట్టి నీళ్లు ఎక్కువ పోయాలి. చలికాలంలో తెల్లవార్లూ నానినా ఏం కాదు. ఎండాకాలం మన ఉక్కలో ఆరేడు గంటలు చాలు. అంతకు మించితే నురగ కట్టి పులిసిన వాసన కొడుతుంది, మధ్యలో ఒకసారి నీళ్లు మార్చడం మంచిది. గింజని రెండు బద్దలుగా విడదీసి చూస్తే లోపలంతా ఒకే రంగులో ఉండాలి. మధ్యలో గట్టిగా, ముదురు రంగులో ఉంటే ఇంకా నానాలి. బాగా రుద్ది కడిగితే పొట్టు పైకి తేలిపోతుంది. అంతా పోవాలని పట్టుబట్టక్కర్లేదు.

సోయా అనగానే చాలామంది ముక్కు మూసుకునేది పచ్చి వాసనకి. గింజ నలిగి గాలి తగలగానే అందులో లైపాక్సిజనేజ్ అనే ఎంజైము గింజలోని నూనె మీద పనిచేసి ఆ వాసన పుట్టిస్తుంది. వేడి తగిలితే ఆ ఎంజైము పని ఆగిపోతుంది. అందుకని నేను చన్నీళ్లతో రుబ్బను. బాగా మరిగిన నీళ్లు పోసి మిక్సీ పడతాను. మూత బిగించి తిప్పితే ఆవిరికి ఎగిరి మొహాన పడుతుంది, జార్ సగమే నింపి, మూత కాస్త వదులుగా పెట్టి, మీద మందపాటి గుడ్డ వేసి పట్టుకోవాలి. గింజల్ని ముందే ఉడికించేస్తే వాసన ఇంకా తగ్గుతుందని కొందరు చేస్తారు. అలా చేస్తే ప్రొటీను గింజలోనే గట్టిపడిపోయి పాలలోకి దిగదు, చివరికి టోఫూ తక్కువొస్తుంది. పావుకిలో గింజలకి రుబ్బడానికీ కలపడానికీ అంతా కలిపి రెండు లీటర్ల నీళ్లు పడతాయి. ఉతికిన పాత పంచె గుడ్డలో వేసి పిండితే పాలు కిందికి, పిప్పి గుడ్డలోకి. పిప్పి పారేయకండి, దాని సంగతి తర్వాత చెబుతాను.

ఆ పాలు కాచేటప్పుడే జాగ్రత్త కావాలి. 80 డిగ్రీల దగ్గరే నురగ గిన్నె అంచుదాకా లేచిపోతుంది. పొంగొచ్చింది కదా అని పొయ్యి కట్టేస్తారు. అప్పటికి పాలు మరగనేలేదు. పచ్చి సోయాలో మన కడుపులో ప్రొటీనుని అరిగించే ట్రిప్సిన్‌ని అడ్డుకునే పదార్థాలు ఉంటాయి. అవి పోవాలంటే నిజంగా మరగాలి. సరిగా కాగని సోయా పాలు తాగితే వికారం, వాంతులు, విరేచనాలు అవుతాయి. మంట తగ్గించి, అడుగు అంటకుండా గరిటెతో గీస్తూ, మరుగు పట్టాక కనీసం 10 నిమిషాలు ఉంచాలి. నేను 15 ఉంచుతాను. పెద్దవాళ్లకి పంపే తిండి మరి.

దించాక ఐదు నిమిషాలు ఆగి విరగ్గొట్టాలి. రెండు పెద్ద నిమ్మకాయల రసం అరగ్లాసు నీళ్లలో కలిపి, ఒక్కసారే కుమ్మరించకుండా రెండు మూడు దఫాలుగా పోసి, మెల్లగా ఒకటి రెండు సార్లు తిప్పి వదిలేయాలి. గిలక్కొట్టారంటే ముక్క కట్టదు, పొడిపొడిగా అవుతుంది. మూత పెట్టి పావుగంట తర్వాత చూస్తే తెల్ల ముద్దలు విడిగా, లేత పసుపు తేట విడిగా కనిపిస్తాయి. తేట ఇంకా పాలలా తెల్లగా ఉందంటే మరో చెంచా రసం పడుతుంది. గంజి వార్చే సిబ్బి మీద తడి గుడ్డ పరిచి, ముద్దలు అందులోకి తీసి, గుడ్డ నాలుగు వైపులా మడిచి, పైన ఒక పళ్లెం, పళ్లెం మీద రోటి పొత్రం. పది నిమిషాలకి తీస్తే జున్నులా కదులుతుంది, అరగంట పైన ఉంచితే కూరకి పనికొచ్చే గట్టి ముక్క. పావుకిలో గింజలకి 300 నుంచి 400 గ్రాములు వస్తుంది. మంచినీళ్లలో ముంచి ఫ్రిజ్‌లో పెట్టి రోజూ నీళ్లు మారిస్తే మూడు నాలుగు రోజులు ఉంటుంది. జిగురు పట్టినా, పుల్లటి వాసన వచ్చినా ఆలోచించకుండా పారేయండి.

నిమ్మరసంతో విరిగినదానికి కాస్త పులుపు ఉంటుంది, ముక్క కొంచెం బరకగా వస్తుంది. మన పులుసులకి ఆ పులుపు అడ్డం రాదు. నున్నగా రావాలంటే కాల్షియం సల్ఫేట్ గానీ మెగ్నీషియం క్లోరైడ్ గానీ వాడతారు. ఇక్కడొక హెచ్చరిక, దీన్ని మీరు పెద్ద అక్షరాల్లో వేసినా సంతోషమే. కాల్షియం సల్ఫేట్ అంటే జిప్సం. మన దగ్గర జిప్సం చౌడు పొలాల్లో చల్లుతారు, చెరువుల్లోనూ వేస్తారు. మెగ్నీషియం సల్ఫేట్ కొబ్బరి చెట్లకి వేస్తారు. ఇంట్లో బస్తా ఉంది కదా అని అందులోంచి చెంచాడు తీసి పాలలో వేసే మహానుభావులు తప్పకుండా ఉంటారు. అవి ఎరువులు. తినడానికి పనికొచ్చే రకమని ప్యాకెట్ మీద రాసి ఉన్నదే వాడాలి. అది దొరక్కపోతే నిమ్మకాయే మేలు.

పోషకాల దగ్గర మీ పేజీ కాస్త ఎక్కువ పొగిడింది. "పనీరు కన్నా ప్రొటీను ఎక్కువ" అని రాశారు. 100 గ్రాముల పనీరులో 18, 19 గ్రాముల ప్రొటీను ఉంటుంది. ఇంట్లో గట్టిగా నొక్కిన టోఫూలో 12 నుంచి 16, మెత్తటిదానిలో 7, 8 మాత్రమే. ఎంత నీళ్లు మిగిలాయన్నదాని మీద ఉంటుంది. ప్రొటీను పనీరులోనే ఎక్కువ, ఒప్పుకుందాం. టోఫూ గెలిచేది కొవ్వు దగ్గర. పనీరులో కొవ్వు 15 నుంచి 25 గ్రాముల దాకా ఉండి అందులో ఎక్కువ భాగం సంతృప్త కొవ్వు. టోఫూలో మొత్తం కొవ్వే 10 గ్రాముల లోపు, అదీ ఎక్కువగా అసంతృప్త రకం. కొలెస్ట్రాల్ అసలు లేదు. పాలు పడని వాళ్లకి లాక్టోజ్ బెడదా లేదు.

ఇంకొక సంగతి, అన్నం తినే మనకి ముఖ్యమైంది. బియ్యంలో లైసిన్ అనే అమైనో ఆమ్లం తక్కువ, సోయాలో అది దండిగా ఉంటుంది. సోయాలో కొంచెం తక్కువగా ఉండే మెథియోనిన్ బియ్యంలో ఉంటుంది. కంచంలో రెండూ కలిస్తే ఒకదాని లోటు ఒకటి తీరుస్తుంది. మీ పేజీలో వేసిన సలాడ్‌లో అన్నం లేదు, గమనించారా?

టోఫూలో కాల్షియం ఎక్కువని మీ పేజీలో రాసినదాంట్లో సగమే నిజం. కాల్షియం సల్ఫేట్‌తో విరగ్గొట్టిన టోఫూలో కాల్షియం చాలా ఎక్కువ. నిమ్మరసంతో నేను చేసేదానిలో గింజలోంచి వచ్చిన కొద్దిపాటి కాల్షియమే ఉంటుంది. ఎముకల కోసం తినేవాళ్లకి ఈ తేడా తెలియాలి. బి12 విటమిన్ సహజంగా టోఫూలో ఉండదు. పాలు, పెరుగు కూడా మానేసి దీని మీదే ఆధారపడేవాళ్లు ఆ విటమిన్ వేరే దారిలో తీసుకోవాల్సిందే. గుండెకి మంచిదన్న మాటకి కూడా ఒక హద్దుంది. రోజుకి 25 గ్రాముల సోయా ప్రొటీను గుండె జబ్బు ముప్పు తగ్గించవచ్చని ప్యాకెట్ల మీద రాసుకోవడానికి అమెరికా ఆహార ఔషధ సంస్థ 1999లో ఒప్పుకుంది. ఆధారాలు ఒక తీరుగా లేవని 2017లో అదే సంస్థ ఆ అనుమతిని వెనక్కి తీసుకునే ప్రతిపాదన పెట్టింది. కొవ్వు మాంసం, వెన్న స్థానంలో టోఫూ తింటే లాభం ఉంటుంది. మాంసం తింటూ దాని మీద టోఫూ కూడా లాగిస్తే ఏం లాభం?

థైరాయిడ్ మాత్రలు వేసుకునే వాళ్లు నా క్యారేజీల్లో చాలామందే ఉన్నారు. పొద్దున పరగడుపున వేసుకునే థైరాక్సిన్ మాత్ర ఒంటికి పట్టడానికి సోయా అడ్డు తగులుతుంది. అందుకే వాళ్లకి టిఫిన్‌లో సోయా పెట్టను, మధ్యాహ్నం భోజనంలో పంపుతాను, డాక్టర్‌తో ఒక మాట చెప్పమంటాను. కిడ్నీ జబ్బుతో ప్రొటీను కొలిచి తినేవాళ్లు కూడా అడిగే తినాలి. సోయా పడక దద్దుర్లు వచ్చేవాళ్లూ ఉంటారు. ఒక బ్యాంకు అబ్బాయి అయితే సిగ్గుపడుతూ ఫోన్ చేసి, "ఆంటీ, సోయా తింటే మగవాళ్లకి హార్మోన్లు తగ్గుతాయంట కదా" అన్నాడు. సోయాలో ఆడవాళ్ల హార్మోను ఈస్ట్రోజెన్‌ని పోలిన ఐసోఫ్లేవోన్లు ఉన్నమాట నిజమే, కానీ మన హార్మోనుతో చూస్తే వాటి బలం చాలా తక్కువ. మగవాళ్ల మీద జరిగిన పరిశోధనలన్నీ కలిపి చూసినప్పుడు కూడా టెస్టోస్టిరాన్ తగ్గినట్టు తేలలేదు. మా అమ్మాయి చేత చెప్పించాను, ఆ తర్వాత రెండు ముక్కలు ఎక్కువ వేయమంటున్నాడు.

ఇక వండటం. టోఫూకి సొంత రుచి లేదని తిట్టేవాళ్లు ఆనపకాయని ఎందుకు తిట్టరో నాకు అర్థం కాదు. ముక్కలు కోసి, ఉప్పు, పసుపు వేసిన వేడి నీళ్లలో ఐదు నిమిషాలు ఉంచి తీసి ఆరబెడితే లోపలికి ఉప్పు దిగుతుంది. ఇనప పెనం మీద కొద్దిగా నూనె వేసి ముక్కలు పరిచాక గరిటె జోలికి పోకూడదు. అడుగు ఎర్రబడితే దానంతట అదే పెనాన్ని వదులుతుంది. ముందే గీకితే చితికిపోతుంది.

పులుసుకి ఒక చిట్కా ఉంది. టోఫూని ఒక రాత్రి ఫ్రీజర్‌లో గడ్డకట్టించి, మర్నాడు కరగనిచ్చి, అరచేతుల మధ్య నీళ్లు పిండేయండి. లోపలి మంచు కరిగిన చోటల్లా చిల్లులు పడి ఉంటాయి, ఆ చిల్లుల్లోకి పులుసు దిగుతుంది. ఉల్లిపాయ ముద్ద, కారం, ధనియాల పొడి, మెంతిపొడి, చిక్కటి చింతపండు రసం, బెండకాయ, ములక్కాడ, నాలుగు పచ్చిమిరపకాయలు చీల్చి వేసి, నూనె పైకి తేలేదాకా మరిగాక ఈ ముక్కలు వేసి సన్నటి సెగ మీద పావుగంట. పొద్దున చేసి సాయంత్రం తింటే ఇంకా బాగుంటుంది. మొదటిసారి కార్తీకంలో ఈ పులుసు పంపిన రోజు ఒక రిటైర్డ్ మాస్టారు ఫోన్ చేసి, "ఏవమ్మా, కార్తీకంలో చేప పంపించావేంటి" అని కేకలేశారు. చేప కాదు మాస్టారూ అన్నా నమ్మలేదు, ముళ్లు వెతికాకే తిన్నారట. పళ్లు సరిగా లేని ఆయనకి ఇప్పుడు వారానికి రెండుసార్లు అదే కావాలి.

పొరటు ఇంకా తేలిక. నొక్కడం సరిగా కుదరక విరిగిపోయిన టోఫూ దీనికి భలే పనికొస్తుంది. ఉల్లిపాయ, పచ్చిమిర్చి, కరివేపాకు వేగాక చేత్తో చిదిమి వేసి, పసుపు, ఉప్పు, మిరియాల పొడి వేసి నీరు ఇగిరేదాకా తిప్పడమే. చింతచిగురు దొరికే రోజుల్లో రొయ్యల బదులు వేయించిన టోఫూ ముక్కలతో ఇగురు చేస్తాను. చిక్కటి కొబ్బరిపాలతో మసాలా తక్కువేసి చేసే కూర పిల్లలు తింటారు. బిర్యానీలో మాత్రం నాకు నచ్చలేదు. పాలకూరతో చేసేది పనీరుకి నకలులా ఉంటుంది, ఆ మాత్రానికి పనీరే తినొచ్చు.

పిప్పి గురించి చెబుతానన్నాను కదా. పీచు దండిగా ఉంటుంది, కొంత ప్రొటీను కూడా మిగిలి ఉంటుంది. పాలు కాచకముందు పిండిన పిప్పి కాబట్టి అది ఇంకా పచ్చిదే, బాగా ఉడకాలి. పెసరట్టు పిండిలో పావు వంతు కలిపి పల్చగా వేసి రెండువైపులా కాలుస్తాను. ఎక్కువ ఉంటే ముందు ఆవిరి మీద ఉడికించి, శనగపిండి, ఉల్లి, అల్లం కలిపి వడలు వేస్తాను. పులిసిపోవడం చాలా త్వరగా జరుగుతుంది, ఆ పూటే వాడేయాలి.

ఆ పాఠకుడు గారూ, చేప మానేయమని నేననడం లేదు. మా ఇంట్లో పులస రోజుల్లో టోఫూ పేరెత్తితే నన్నే బయటికి పంపుతారు. చేప తినని నెలలో, తినలేని వయసులో, కొనలేని వారంలో కంచంలో పప్పుతో పాటు ఇంకొకటి ఉండనివ్వండి అంటున్నాను.

సంపాదకులు గారికి నా కోరిక ఇది. ఈసారి టోఫూ వంటకాలు వేస్తే మా కిరాణా కొట్లో దొరికే సరుకులతో వేయండి. సోయా గింజలు అడిగితే మీల్ మేకర్ ప్యాకెట్ చేతిలో పెట్టే కొట్లే ఎక్కువ. చపాతీ పిండిలో కలపడానికి కొనేవాళ్లు ఉన్నారు కాబట్టి పెద్ద కొట్లలో వెతికితే దొరుకుతాయని పాఠకులకి చెప్పండి. కొని తెచ్చుకునే వాళ్లకి ప్యాకెట్ చదవడం నేర్పండి. పదార్థాల వరసలో 516 అని ఉంటే కాల్షియం సల్ఫేట్‌తో, 511 అని ఉంటే మెగ్నీషియం క్లోరైడ్‌తో విరగ్గొట్టినట్టు. ఎముకల కోసం కొంటుంటే 516 ఉన్నది చూసి తీసుకోమనండి. పేజీలో చోటు చాలకపోతే ఆ ఆలివ్ నూనె ఫొటో తీసేయండి.

ఇట్లు,
క్యారేజీ భోజనాలు వండే ఒక గృహిణి,
పాలకొల్లు, పశ్చిమ గోదావరి జిల్లా.